వాడని ఫోల్డర్లను అటకెక్కించి మళ్ళీ దించడం: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

మా బృందం రోజూ వాడే కాంటాక్టుల సాఫ్ట్‌వేర్‌ను మేమే రాసుకున్నాం. వెనక ఎస్‌క్యూలైట్ అనే, ఒక ఫైలులో ఇమిడే డేటాబేస్, కార్డ్‌డావ్ అనే పద్ధతిలో ఫోన్లకు వివరాలు పంపడానికి ఒక సర్వర్, ముందు బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ: ఇంతే దాని నిర్మాణం. ఆ పేజీలో ఎడమ పక్కన కనిపించే ఫోల్డర్ల జాబితా ఈ రోజు లెక్కపెడితే 214 ఉంది. కొత్తగా చేరినవారు ఒక కాంటాక్టును ఎక్కడ పెట్టాలో ఆ జాబితాలో వెతికి, విసిగి, తమకు తోచిన పేరుతో ఇంకో ఫోల్డర్ తయారు చేసుకుంటున్నారు. అలా జాబితా పొడవుగా ఉండడమే అది ఇంకా పొడవు కావడానికి కారణమవుతోంది.

పాతవాటిని తొలగించడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు, అందులో వారి తప్పు కూడా లేదు. అందుకే వాడని ఫోల్డర్లను కళ్ళెదుట నుంచి తప్పించి, అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టుగా తిరిగి తెచ్చే ఏర్పాటు చేయాలని నిర్ణయించాం. ఈ పనిలో కష్టమంతా తిరిగి తేవడంలోనే ఉంటుందని నా అనుమానం. దాచడానికి ఒక కాలమ్ చాలు. ఆరు నెలల తర్వాత తిరిగి తెచ్చే నాటికి ఫోల్డర్ చుట్టూ ఉన్న మనుషులు, పేర్లు, అనుమతులు అన్నీ మారిపోయి ఉంటాయి.

మా దగ్గర ఒకే కాంటాక్టు ఎన్ని ఫోల్డర్లలోనైనా ఉండవచ్చు. ఫోల్డర్‌కూ కాంటాక్టుకూ మధ్య సభ్యత్వాల పట్టిక ఒకటి ఉంది, అందులోని ప్రతి వరుస ఒక ఫోల్డర్‌ను ఒక కాంటాక్టుతో ముడిపెడుతుంది. కాబట్టి ఫోల్డర్‌ను ఆర్కైవ్ చేసినంత, అంటే అటకెక్కించినంత, మాత్రాన అందులోని మనిషి ఆర్కైవ్ కాకూడదు. ఈ ఒక్క నియమాన్ని ముందే రాసి పెట్టుకున్నాను.

రెండో రోజు

‘వాడనిది’ అన్న మాటకు అర్థం తేల్చడానికే రోజంతా పట్టింది. మొదట, ఫోల్డర్‌లోని కాంటాక్టులను చివరిసారి ఎప్పుడు మార్చారో చూస్తే సరిపోతుందనుకున్నాను. కాంటాక్టులను ఫైలుగా రాసే ప్రమాణ రూపమైన వీకార్డ్‌లో ఇందుకోసం రెవ్ అనే ఫీల్డే ఉంది, మా డేటాబేస్‌లోనూ అదే తేదీని ఉంచుతున్నాం. క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, నడిపి చూస్తే 214లో ఒక్కటి కూడా పాతది కాదని జవాబు వచ్చింది. కారణం వెతకగా, రెండు నెలల కిందట ఫోన్ నంబర్లన్నిటినీ ఈ.164 రూపంలోకి, అంటే ప్లస్ గుర్తు, దేశపు కోడ్‌లతో మొదలై 15 అంకెలకు మించని రూపంలోకి మార్చిన మా స్క్రిప్టు ప్రతి కాంటాక్టునూ ముట్టుకుని వెళ్ళిందని తేలింది. యంత్రం వేసిన తేదీకీ మనిషి వేసిన తేదీకీ తేడా చూడని లెక్క ఈ పనికి కొరగాదు.

అందుచేత మనిషి ఫోల్డర్‌ను తెరిచిన తేదీని ఆధారంగా తీసుకున్నాను. అందులోనూ ఒక చిక్కు వచ్చింది: నిన్న ఏ ఫోల్డర్‌లో ఏముందో చూద్దామని నేనే ముప్పై దాకా తెరిచి చూశాను, అవన్నీ ఇప్పుడు తాజా ఫోల్డర్లుగా కనిపిస్తున్నాయి. నా పేరు మీదున్న లాగ్ వరుసలను లెక్కలోంచి తీసేయవలసి వచ్చింది.

గడువు విషయంలో 12 నెలలు సహజంగా తోచే అంకె. కానీ ఏడాదికొకసారి జరిగే కార్యక్రమాల తేదీలు కొన్ని వారాలు అటూ ఇటూ జరుగుతుంటాయి. కచ్చితంగా 12 నెలలకు గీత గీస్తే, అవసరం పడబోయే వారంలోనే ఆ ఫోల్డర్ అటకెక్కుతుంది. అందుకని 14 నెలలు పెట్టాను. ఈ లెక్కన 96 ఫోల్డర్లు తేలాయి. వాటిలో 11 ఫోల్డర్లను ఎవరూ తెరవకపోయినా, భద్రపరచిన ఫిల్టర్లు, తనంతట తాను వెళ్ళే మెయిల్ నియమాలు వాటిని ఉపయోగించుకుంటున్నాయి. మనుషులు తలుపు తీయని గదిలో దీపం వెలుగుతూనే ఉందన్నమాట. వాటిని పక్కన పెడితే మిగిలినవి 85.

నాలుగో రోజు

డేటాబేస్‌లో దీన్ని ఎలా రాయాలన్న చర్చ నిన్నటితో ముగిసింది. ఆర్కైవ్ చేసిన ఫోల్డర్ల వరుసలను వేరే పట్టికలోకి తరలించే పద్ధతిలో రోజువారీ క్వెరీలు తేలికగా ఉంటాయి గాని, సభ్యత్వాల పట్టికకున్న విదేశీ కీలన్నీ, అంటే ఒక పట్టిక వరుసను మరో పట్టిక వరుసతో కట్టే లంకెలన్నీ, తెగిపోతాయి. ఫైలుగా ఎగుమతి చేసి డేటాబేస్ నుంచి తొలగించే పద్ధతిలో స్థలం మిగులుతుంది గాని, మా డేటాబేస్ మొత్తం కలిపినా ఒక మామూలు వీడియో అంత లేదు. కాబట్టి ఫోల్డర్ వరుస ఉన్నచోటే ఉంటుంది, దానికి మూడు కాలమ్‌లు కొత్తగా చేరతాయి: ఎప్పుడు ఆర్కైవ్ అయింది, ఎవరు చేశారు, ఏ విడతలో జరిగింది.

మొదటి రెండూ ఎవరికైనా తడతాయి. మూడోది ఎందుకంటే, ‘సదస్సు’ అనే ఫోల్డర్ లోపల ‘వక్తలు’, ‘ఆహ్వానితులు’, ‘వాలంటీర్లు’ అనే మూడు ఫోల్డర్లు ఉన్నాయనుకుందాం. ‘వాలంటీర్లు’ను ఎవరో ముందే విడిగా ఆర్కైవ్ చేశారు. కొన్ని నెలల తర్వాత ‘సదస్సు’ మొత్తాన్ని ఆర్కైవ్ చేశాం, ఇప్పుడు దాన్ని తిరిగి తెస్తున్నాం. విడత సంఖ్య లేకపోతే లోపలివన్నీ ఒక్కసారిగా లేచి వస్తాయి, ముందే అటకెక్కించిన ‘వాలంటీర్లు’తో సహా. విడత సంఖ్య ఉంటే, ఆ విడతలో వెళ్ళినవి మాత్రమే వస్తాయి. ఉన్నది ఉన్నట్టుగా తిరిగి తేవడమంటే పై ఫోల్డర్ వెళ్ళే ముందరి స్థితికి చేరడమే గాని, అన్నిటినీ నిద్ర లేపడం కాదు.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. పై ఫోల్డర్ ఆర్కైవ్‌లోనే ఉండగా ‘వక్తలు’ ఒక్కటే కావాలని అడిగితే దాన్ని ఎక్కడ వేలాడదీయాలి? జాబితా మొదట్లో పెట్టేస్తే దాని చోటు పోతుంది. పై ఫోల్డర్‌ను కూడా తెచ్చి, దాని ఇతర సంతానాన్ని మాత్రం కదపకుండా ఉంచడం మేలనిపించింది.

సాయంత్రం పరీక్షా ప్రతి మీద ఒక ఫోల్డర్‌ను నిజంగానే తొలగించి చూస్తే, దాని సభ్యత్వాల వరుసలు అనాథలుగా మిగిలిపోయాయి. ఎస్‌క్యూలైట్‌లో విదేశీ కీల తనిఖీ అప్రమేయంగా ఆపి ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగు ఆదేశంతో విడిగా ఆన్ చేయాలి. మా ప్రధాన ప్రోగ్రాం ఆ పని చేస్తోంది, ఈ చిన్న స్క్రిప్టు చేయలేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, అయినా మరిచాను.

ఐదో రోజు

పేర్ల పేచీ. ఒకే పై ఫోల్డర్ కింద ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండకూడదని మా నియమం. ఆర్కైవ్‌లో ఉన్న ఫోల్డర్ ఆ పేరును పట్టుకుని కూర్చుంటే, కళ్ళకు కనిపించని ఫోల్డర్ కారణంగా కొత్త ఫోల్డర్ పెట్టుకోలేక జనం తికమకపడతారు. ఎస్‌క్యూలైట్ 3.8.0 నుంచి పాక్షిక ఇండెక్సులు ఉన్నాయి కాబట్టి, ఆర్కైవ్ కాని వరుసలకు మాత్రమే వర్తించే యూనిక్ ఇండెక్సు, అంటే ఒకే పేరు రెండుసార్లు రాకుండా ఆపే ఏర్పాటు, రాశాను. తిరిగి తెచ్చేటప్పుడు అదే పేరు ఎదురైతే, రెండింటినీ కలపాలా, లేక వచ్చేదానికి వేరే పేరు పెట్టాలా అని ప్రోగ్రాం అడుగుతుంది. తనంతట తాను కలపదు.

ఇక్కడే ఒక వింత బయటపడింది. పరీక్షలో ‘వెబ్‌సైట్ డిజైనర్లు’ అనే ఫోల్డర్ రెండుసార్లు కనిపించింది, ఇండెక్సు అడ్డుపడలేదు. రెండు పేర్లనూ బైట్లుగా విడదీసి చూస్తే సంగతి తెలిసింది. ఒకదానిలో ‘సై’ మీది ఐత్వం 0సి48 అనే ఒకే యూనికోడ్ సంకేతంగా ఉంది, రెండోదానిలో అదే ఐత్వం 0సి46, 0సి56 అనే రెండు సంకేతాల జతగా ఉంది. కంటికి రెండూ ఒకటే, ఎస్‌క్యూలైట్‌కు మాత్రం రెండూ వేరు, ఎందుకంటే అది పేర్లను బైట్లుగానే పోలుస్తుంది. ఎన్‌ఎఫ్‌సి అనే యూనికోడ్ పద్ధతిలో సాధారణీకరిస్తే ఆ జత ఒకే సంకేతంగా మారిపోతుంది, కాబట్టి పేరు డేటాబేస్‌లోకి వెళ్ళే ముందే ఆ పని చేయిస్తున్నాను.

అయితే ఎన్‌ఎఫ్‌సి అన్నిటికీ మందు కాదు. ‘వెబ్‌’ తర్వాత పొల్లు నిలవడానికి మనం వేసే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును అది ముట్టుకోదు. పదం మధ్యలో దాన్ని తీసేస్తే ‘వెబ్సైట్’ అని ఒత్తుతో కనిపిస్తుంది కనుక తేడా కంటికి తెలుస్తుంది. ‘ప్రింటర్స్’ అని రాసి ఖాళీ వదిలేచోట అది చివర ఉన్నా లేకపోయినా తెలియదు. అందుకని చూపించడానికి పేరును రాసినవారు రాసినట్టే ఉంచి, పోలిక కోసం మాత్రం ఆ గుర్తును తీసేసిన రూపాన్ని వేరే కాలమ్‌లో దాస్తున్నాను. యూనిక్ ఇండెక్సు ఆ రెండో కాలమ్ మీద ఉంటుంది.

ఎనిమిదో రోజు

డేటాబేస్‌లో గుర్తు పెట్టడంతో పాటు, ప్రతి విడతకూ ఒక ఫైలు కూడా రాసి పెట్టుకోవాలని మొదటి నుంచీ అనుకున్నాం. మా ప్రోగ్రాం రేపు లేకపోయినా ఇంకో ప్రోగ్రాం చదవగలిగే రూపంలో ఉండాలి కనుక వీకార్డ్ 4.0ను ఎంచుకున్నాను. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 6350 అనే ఇంటర్నెట్ పత్రం దానికి ప్రమాణం. అందులో ఒక సమూహానికే ఒక కార్డు ఇచ్చి, సభ్యులను వారి యూఐడీలతో, అంటే ఒక్కో కార్డుకు ఉండే ప్రత్యేక గుర్తింపులతో, చెప్పే వీలుంది. 1998 నాటి 3.0లో ఆ వీలు లేదు, కేటగిరీస్ అనే ఫీల్డులో కామాలతో వేరుచేసి పేర్లు రాసుకోవలసిందే. అయినా ఫోల్డర్ల మెట్ల వరుస, అనుమతులు, ఎవరికి ఏ క్రమంలో కనిపించాలన్నది వీకార్డ్‌లో ఇమడవు. వాటిని పక్కనే జేసన్ అనే రూపంలో ఒక ఫైలులో రాసి, రెండు ఫైళ్ళకూ ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాన్ని, అంటే ఫైలు మారితే తానూ మారే సరిచూపు సంఖ్యను, లెక్కగట్టి విడత వరుసలో దాస్తున్నాను.

మధ్యాహ్నం ఎగుమతి చేసిన ఫైలును తిరిగి చదివించి చూస్తే, కొన్ని కాంటాక్టుల నోట్‌లలో అక్షరాల నడుమ నల్లటి ప్రశ్నార్థకపు చిహ్నాలు వచ్చాయి. అన్నిటిలో కాదు, కొన్నిటిలో మాత్రమే. ఇంగ్లిష్ నోట్‌లు అన్నీ బాగానే ఉన్నాయి. ఈ ‘కొన్ని’ అన్నదే సగం రోజు తినేసింది.

సంగతేమిటంటే, వీకార్డ్‌లో పొడవైన వరుసను 75 బైట్ల దగ్గర మడిచి, తర్వాతి వరుసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. ‘నోట్’ అనే ఫీల్డు పేరు, దాని తర్వాతి కోలన్ కలిసి 5 బైట్లు, మిగిలినవి 70. ఖాళీలు లేని తెలుగు వరుసైతే 23 సంకేతాలకు 69 బైట్లు పోగా ఒక బైటు మిగులుతుంది, నా కోడ్ ఆ బైటులో 24వ సంకేతపు మూడో వంతును కుక్కి, మిగతా రెండు వంతులను కింది వరుసకు తోసింది. మాటల మధ్య ఖాళీలు ఒక్కో బైటే కనుక, ఎన్ని ఖాళీలు ఉన్నాయన్న దాన్ని బట్టి కోత ఒక్కోసారి సరిగ్గా సంకేతం అంచునే పడుతుంది. అలాంటి నోట్‌లు బాగున్నాయి, మిగతావి చెడ్డాయి. మడత విప్పిన తర్వాత బైట్లను అక్షరాలుగా మార్చి ఉంటే ఏ నష్టమూ జరిగేది కాదు. నా చదివే కోడ్ ప్రతి వరుసనూ ముందే అక్షరాలుగా మార్చి, ఆ తర్వాత మడత విప్పుతోంది. ఒక సంకేతపు బైట్లను విడదీయరాదని ఆర్‌ఎఫ్‌సి 6350 స్పష్టంగా చెబుతోంది, కాబట్టి రాసేవైపూ చదివేవైపూ రెండూ నా తప్పులే. రెండూ సరిచేశాను. పరీక్షకు ఖాళీలు లేని, ఒక ఖాళీ ఉన్న, రెండు ఖాళీలున్న మూడు పొడవైన తెలుగు నోట్‌లను శాశ్వతంగా చేర్చాను.

తొమ్మిదో రోజు

చిన్న పని. అసలు ఆర్కైవ్ నడిపే ముందు తీసుకునే బ్యాకప్‌ను సరిచేశాను. ఇంతవరకు ప్రధాన ఫైలును కాపీ చేస్తున్నాం. వాల్ పద్ధతిలో, అంటే మార్పులను ముందు వేరే ఫైలులో రాసుకునే పద్ధతిలో, నడుస్తున్న ఎస్‌క్యూలైట్‌లో తాజా మార్పులు పక్కనున్న వాల్ ఫైలులో ఉండవచ్చు, ప్రధాన ఫైలును ఒక్కదాన్నే కాపీ చేస్తే అవి జారిపోతాయి. 3.27.0 నుంచి ఉన్న వాక్యూమ్ ఇంటూ ఆదేశంతో ఇప్పుడు పూర్తి ప్రతి వస్తోంది.

పదకొండో రోజు

పరీక్షగా ఆరు ఫోల్డర్లను నిజమైన డేటాబేస్‌లో ఆర్కైవ్ చేశాం. రెండు గంటల తర్వాత సహోద్యోగి ఒకరు ఫోన్ పట్టుకుని వచ్చి, “ఈ నంబరు ఎవరిదో చెప్పగలరా? నిన్నటిదాకా పేరు కనిపించేది” అని అడిగారు. ఆ కాంటాక్టు ఆర్కైవ్ అయిన ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. మా సర్వర్ ప్రతి ఫోల్డర్‌నూ ఒక చిరునామా పుస్తకంగా ఫోన్‌కు చూపిస్తోంది. ఫోల్డర్ దాగగానే, 2012 నాటి ఆర్‌ఎఫ్‌సి 6578 సింక్ పద్ధతి ప్రకారం అందులోని కార్డులన్నిటికీ 404, అంటే ‘దొరకలేదు’, అని జవాబిచ్చింది, ఫోన్ విధేయంగా వాటిని చెరిపేసింది. ఫోన్ దృష్టిలో దాచడానికీ తొలగించడానికీ తేడా లేదు.

మొదటి రోజు రాసుకున్న నియమం కాగితం మీదే మిగిలిపోయిందని అప్పుడు అర్థమైంది. ఇకపై ఆర్కైవ్ వల్ల ఏ ఫోల్డర్‌లోనూ మిగలని కాంటాక్టు ఉంటే, దాన్ని ‘సాధారణం’ అనే చిరునామా పుస్తకంలో సర్వరే చూపిస్తుంది. ఇది చూపు మాత్రమే, సభ్యత్వాల పట్టికలో ఏమీ రాయదు. రాసి ఉంటే, ఫోల్డర్‌ను తిరిగి తెచ్చాక ఆ అదనపు సభ్యత్వాన్ని ఎవరు తీయాలన్న ఇంకో తలనొప్పి మొదలయ్యేది.

పద్నాలుగో రోజు

తిరిగి తెచ్చే కసరత్తు. పరీక్షా ప్రతిలో 40 ఫోల్డర్లను ఆర్కైవ్ చేసి, ఆ తర్వాత మామూలుగా జరిగే పనులన్నీ దాని మీద చేయించాం. నకిలీ కాంటాక్టులను కలిపాం, కొందరిని తొలగించాం, పేర్లు మార్చాం. అప్పుడు అన్నిటినీ వెనక్కు తెచ్చాం. సభ్యుల సంఖ్యలో మూడు తగ్గాయి, ఒకటి ఎక్కువైంది.

తగ్గిన మూడూ కలపడంలో పోయినవి. రెండు నకిలీలను ఒకటి చేసినప్పుడు, నిలిచినదాని యూఐడీ ఉంటుంది, రెండోది మాయమవుతుంది. ఎదురుగా ఉన్న ఫోల్డర్ల సభ్యత్వాలను కోడ్ నిలిచినదాని పేరుకు మారుస్తోంది గాని, ఆర్కైవ్‌లో ఉన్నవాటిని చూడడం లేదు, ఎందుకంటే ‘ఆర్కైవ్ కానివి మాత్రమే’ అన్న షరతును నేను క్వెరీలన్నిటికీ గుడ్డిగా తగిలించాను. ఆ షరతు జాబితా చూపించే క్వెరీకి ఉండాలి, డేటా మార్చే క్వెరీకి ఉండకూడదు. మొత్తం 23 క్వెరీలను ఒక్కొక్కటిగా చదివి, తొమ్మిదింటి నుంచి దాన్ని తీసేశాను. దీనితో పాటు, ఏ యూఐడీ దేనిలో కలిసిందో చెప్పే చిన్న పట్టిక పెట్టాను, పాత వీకార్డ్ ఫైలు నుంచి తెచ్చేటప్పుడు కూడా అది దారి చూపిస్తుంది.

ఎక్కువైన ఆ ఒక్కటి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తన వివరాలు ఉంచవద్దని ఒకరు కోరినట్టుగా భావించి తొలగించిన నమూనా కాంటాక్టు, వీకార్డ్ ఫైలు నుంచి నిక్షేపంగా తిరిగి వచ్చింది. ఆర్కైవ్ ఫైలుకు ఆ కోరిక సంగతి తెలియదు కదా. ఇప్పుడు అలా తొలగించిన యూఐడీల జాబితాను, పేరూ నంబరూ లేకుండా, విడిగా ఉంచుతున్నాం. ఫైలు నుంచి తెచ్చే ప్రతి కార్డునూ ముందు దానితో సరిచూస్తాం. అంతటితో ఆగితే వివరాలు ఫైలులో ఉండనే ఉంటాయి, కాబట్టి ఆ కార్డు ఉన్న విడత ఫైళ్ళను తిరగరాసి, కొత్త ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాన్ని లెక్కగట్టే పనిని కూడా తొలగింపులో భాగం చేశాను.

పదిహేనో రోజు

అనుమతులు. ఒక పాత ఫోల్డర్‌ను తెస్తే, బృందం వదిలి వెళ్ళినవారి ఖాతాకు అందులో మార్పులు చేసే హక్కు కూడా తిరిగి వచ్చేది. అనుమతుల విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టుగా తేవడం తప్పేనని తేల్చుకున్నాం. ఇప్పుడున్న ఖాతాలకే పాత హక్కులు వస్తాయి, అదీ తెచ్చేవారు జాబితా చూసి ఒప్పుకున్నాకే.

పద్దెనిమిదో రోజు

అసలు విడత. 85 ఫోల్డర్ల జాబితాను వాటిని సృష్టించినవారికి పంపాం. వారు 14 ఫోల్డర్లు ఉంచమన్నారు, వాటిలో కొన్నిటిని నిజంగా వాడతారని నేను నమ్మను గాని వాదించలేదు. మిగిలిన 71 ఒకే లావాదేవీలో, అంటే డేటాబేస్‌లో అన్నీ కలిసి ఒకేసారి జరిగేలా, ఆర్కైవ్ అయ్యాయి, ఎడమ పక్క జాబితా 143కు దిగింది. ఫోన్ల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.

వెతుకులాటలో మాత్రం ఆర్కైవ్ ఫోల్డర్ల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, బూడిద రంగులో, పక్కన ‘తిరిగి తెండి’ అనే బటన్‌తో. ఫోల్డర్‌ను కోల్పోయామనుకున్నవారు ముందు చేసే పని వెతకడమే కనుక, తిరిగి తెచ్చే దారి అక్కడే ఉండాలి. సెట్టింగుల లోపల మూడో మెనూలో పెడితే, నన్ను అడగడానికే వస్తారు.

నలభై ఆరో రోజు

నాలుగు వారాల్లో 5 ఫోల్డర్లు ఆర్కైవ్ నుంచి వెనక్కు వచ్చాయి, నాలుగింటిని ఎవరికి వారే తెచ్చుకున్నారు. ఐదోదానికి పేరు పేచీ వచ్చింది: ఆర్కైవ్ అయిన వారం తిరగకుండానే ఎవరో అదే పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టి, ఏడుగురిని చేర్చారు. ప్రోగ్రాం అడిగిన ప్రశ్న చూసి ఏం నొక్కాలో తెలియక నన్ను పిలిచారు. రెండు ఫోల్డర్లలోని సభ్యులను పక్కపక్కన చూపిస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికయ్యేది. ఏడుగురిలో ఐదుగురు పాతదానిలోనూ ఉన్నారు, కలపమన్నారు, కలిపాను. ఆ పక్కపక్కన చూపే పేజీని రేపటి నుంచి మొదలుపెడతాను.